డాక్టర్ టారాష్: రెండు తిరస్కారాలు, ఒక ఓటమి

సభాధ్యక్షులకు, చదరంగ అభిమానులకు నమస్కారం. జర్మనీ చదరంగ ఆచార్యుల్లో ఒకరి జీవితాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు చాలామందికి ముందుగా తట్టే పేరు ఇమాన్యుయెల్ లాస్కర్‌ది. 1894 నుంచి 1921 దాకా ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన మనిషి కాబట్టి అది సహజమే. నేను మాత్రం లాస్కర్ చేతిలో ఓడిపోయిన సీగ్‌బెర్ట్ టారాష్‌ను ఎంచుకున్నాను. టారాష్ గురించి పుస్తకాల్లో సాధారణంగా రెండు మాటలే కనిపిస్తాయి. ఆయన సూత్రాలను పట్టుకుని వేలాడే ఛాందసుడన్నది మొదటిది, అహంకారం వల్ల ప్రపంచ టైటిల్‌ను చేజార్చుకున్నాడన్నది రెండవది. మొదటి మాటలో సగం నిజముంది. రెండవ మాట రెండు వేర్వేరు సంఘటనలను కలగలిపి చెప్పిన తీర్పు. వాటిని విడదీసి చూస్తే తప్ప ఆయన జీవితం అర్థం కాదన్నదే ఈ సాయంకాలం నా వాదన.

టారాష్ 1862 మార్చి 5న బ్రెస్లావ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. నేడు పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ అని పిలిచే ఆ నగరం అప్పట్లో ప్రష్యా రాజ్యంలో భాగం. చదరంగ చరిత్రలో ఆ ఊరికి అప్పటికే గొప్ప పేరుంది. 1851లో లండన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ టోర్నమెంటును గెలిచిన అడాల్ఫ్ ఆండర్సన్ ఆ ఊరివాడే. జీవితాంతం అక్కడే గణితం బోధించిన ఉపాధ్యాయుడు. ఆండర్సన్ 1879లో కన్నుమూసే నాటికి టారాష్‌కు పదిహేడేళ్ళు. మరుసటి సంవత్సరం పాఠశాల చదువు ముగించుకుని, హాలేలో వైద్యశాస్త్రం చదివి, ఆ తర్వాత న్యూరెంబర్గ్‌లో స్థిరపడి డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్నారు. అయిదుగురు పిల్లల తండ్రి. ఇల్లు గడిచేది వైద్యం మీదే గాని చదరంగం మీద కాదు. ఈ విషయాన్ని గుర్తుంచుకోవలసిందిగా మనవి చేస్తున్నాను, ఎందుకంటే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ కాలంలో జర్మనీలో మాస్టర్ హోదా పొందాలంటే చదరంగ సంఘం మహాసభల్లో ప్రధాన పోటీకి అనుబంధంగా జరిగే రెండో శ్రేణి టోర్నమెంటును గెలవవలసి ఉండేది. టారాష్ 1883లో న్యూరెంబర్గ్‌లో ఆ మెట్టు ఎక్కారు. 1885 హాంబర్గ్ పోటీలో ఇసిడోర్ గున్స్‌బర్గ్ తర్వాత రెండో స్థానాన్ని పంచుకున్న వారిలో ఆయనా ఒకరు. అంటే అప్పటికే బలమైన ఆటగాడు, కాని ఇంకా అందరికంటే ముందున్నవాడు కాదు.

అసలు విజృంభణ 1889లో, సొంత ఊరు బ్రెస్లావ్‌లో మొదలైంది. 17 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా 13 పాయింట్లతో ప్రథమ స్థానం పొందారు. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో 19 ఆటలకు 15½ పాయింట్లు. అక్కడా ఓటమి లేదు, రెండో స్థానంలో నిలిచిన బ్లాక్‌బర్న్‌కూ ఆయనకూ మధ్య మూడు పాయింట్ల తేడా. 1892లో డ్రెస్డెన్, 1894లో లైప్‌జిగ్. వరుసగా నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ప్రథమ బహుమతి ఒక్కరికే దక్కడం, అదీ రోగులను చూసుకుంటూ సెలవు దొరికినప్పుడు మాత్రమే పోటీలకు వెళ్ళే మనిషికి దక్కడం మామూలు విషయం కాదు. ఆ అయిదారేళ్ళలో ప్రపంచంలోకెల్లా నిలకడైన ఆటగాడు టారాషేనని నేను నమ్ముతాను. చాంపియన్‌గా ఉన్న విల్‌హెల్మ్ స్టైనిట్జ్ అప్పటికే యాభై దాటిన మనిషి.

టారాష్ ఎంత శ్రద్ధగా సిద్ధపడేవారో చెప్పడానికి డ్రెస్డెన్‌లో జరిగిన ఒక ఆట చాలు. స్పానిష్ ఓపెనింగ్ అనే ఆరంభ ఎత్తుల వరుసలో స్టైనిట్జ్ మెచ్చిన ఒక రక్షణ పద్ధతి ఉంది. అందులో నల్లపావుల ఆటగాడు అలవాటుగా, ఏ అనుమానమూ లేకుండా కోట కట్టుకుంటే, అంటే రాజును ఏనుగు చాటుకు చేర్చుకుంటే, ఆ తర్వాత తప్పించుకోలేని మార్పిడుల వరుసలో పావును కోల్పోతాడని 1891లోనే టారాష్ విశ్లేషించి అచ్చు వేయించారు. మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లో ప్రత్యర్థి గియోర్గ్ మార్కో సరిగ్గా ఆ ఎత్తే వేశాడు. పదిహేడు ఎత్తుల్లో ఆట ముగిసింది. ఇలాంటి ఉచ్చులు రహస్యంగా దాచుకుంటేనే పనికొస్తాయని మనం అనుకుంటాం. టారాష్ అందరికీ తెలిసేలా ప్రకటించిన తర్వాతే దాన్ని అమలు చేశారు. ఆయనలోని గురువు ఆటగాడికంటే ముందు నడిచేవాడు.

ఇప్పుడు ఆ రెండు తిరస్కారాల సంగతి. విజయాల ఊపులో ఉన్న 1890ల మొదట్లో స్టైనిట్జ్‌తో ప్రపంచ టైటిల్ కోసం తలపడే అవకాశం టారాష్ ముందుకు వచ్చింది. ఆయన దాన్ని వదులుకున్నారు. స్టైనిట్జ్ అమెరికాలో స్థిరపడి ఉన్నారు, ఆ రోజుల్లో ఆయన టైటిల్ పోటీలు హవానాలోను, న్యూయార్క్‌లోను జరుగుతున్నాయి. అట్లాంటిక్ మహాసముద్రం దాటి ఓడలో వెళ్ళి, వారాల తరబడి ఆడి తిరిగి రావాలంటే ఒక డాక్టరు నెలల పాటు తన రోగులను ఇంకొకరికి అప్పగించి వెళ్ళాలి. తిరిగి వచ్చేసరికి వారిలో ఎంతమంది తన వద్దకు మళ్ళీ వస్తారో ఎవరు చెప్పగలరు? సంసారం ఉన్న మనిషి వేసుకున్న లెక్క అది. ఇందులో నాకు అహంకారమూ కనిపించదు, భయమూ కనిపించదు.

రెండో తిరస్కారం వేరు. 1892లో ఇరవై మూడేళ్ళ లాస్కర్ తనతో ఒక మ్యాచ్ ఆడవలసిందిగా టారాష్‌ను కోరాడు. ముందు ఒకటో రెండో పెద్ద అంతర్జాతీయ టోర్నమెంట్లు గెలిచి అర్హత నిరూపించుకోమని టారాష్ బదులిచ్చారు. ఆనాటి పెద్దరికపు పద్ధతిలో ఇది మరీ అసాధారణమైన జవాబు కాకపోవచ్చు. కాని తాను స్వయంగా మెట్లన్నీ వరుసగా ఎక్కి వచ్చాను గనుక ఎదుటివాడూ అలాగే రావాలన్న బిగింపు అందులో ఉంది. లాస్కర్ ఆ మెట్లు ఎక్కలేదు. నేరుగా స్టైనిట్జ్ దగ్గరికే వెళ్ళి 1894లో పది ఆటలు గెలిచి, అయిదు ఓడి, ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొదటి తిరస్కారం జీవనోపాధి కోసం, రెండవది గర్వం వల్ల. వీటిని ఒకే గాటన కట్టిన రచయితలు టారాష్‌కు అన్యాయం చేశారు. ఆ రెండవదాన్ని మాఫీ చేయమని నేనూ అడగను.

ఆ రెండో తిరస్కారానికీ, లాస్కర్ చాంపియన్ కావడానికీ మధ్య జరిగిన ఒక మ్యాచ్‌ను చాలామంది పట్టించుకోరు. 1893లో టారాష్ సెంట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి, అప్పటికి రెండుసార్లు స్టైనిట్జ్‌ను సవాలు చేసి ఓడిన మిఖాయిల్ చిగోరిన్‌తో 22 ఆటలు ఆడారు. ఎక్కువ భాగం తానే ముందంజలో ఉండి కూడా చివరికి చెరి తొమ్మిది గెలుపులు, నాలుగు డ్రాలతో సమంగా ముగించవలసి వచ్చింది. అక్కడ టారాష్ ఫ్రెంచ్ రక్షణ ఎంచుకున్నప్పుడల్లా చిగోరిన్ రెండో ఎత్తులోనే మంత్రిని రాజు ముందు గడిలోకి జరిపేవాడు. పుస్తకాల ప్రకారం అది వికారమైన ఎత్తు. మంత్రిని అంత తొందరగా కదపకూడదని, తన బిషప్ దారికి తానే అడ్డు పడకూడదని బోధించిన మనిషి ఎదుట చిగోరిన్ దాన్ని మళ్ళీ మళ్ళీ వేశాడు, ఫలితమూ రాబట్టాడు. శాస్త్రానికి, స్వభావానికి మధ్య అంత సూటిగా జరిగిన పోటీ మరొకటి అరుదు. ఈ మ్యాచ్ గెలిచి ఉంటే స్టైనిట్జ్‌తో పోటీకి టారాష్ వాదన తిరుగులేనిదై ఉండేది.

1895లో హేస్టింగ్స్ టోర్నమెంటులో పిల్స్‌బరీ, చిగోరిన్, లాస్కర్‌ల వెనుక నాలుగో స్థానం, 1896లో తన న్యూరెంబర్గ్‌లోనే లాస్కర్ గెలిచిన టోర్నమెంటులో మూడో స్థానం పంచుకోవడం, ఇవి చిన్న ఫలితాలు కావు గాని మొదటి స్థానానికి అలవాటుపడిన మనిషికి చేదుగానే ఉండి ఉంటాయి. అదే 1895లో తన మూడు వందల ఆటలకు వ్యాఖ్యానం రాసి పుస్తకంగా వెలువరించారు. ప్రతి ఆటలోనూ ఎక్కడ ఏ కారణంతో తూకం మారిందో మాటల్లో వివరించే పద్ధతి అప్పటికి కొత్తది. ఎత్తుల జాబితాలు మాత్రమే చదువుకున్న ఒక తరం ఆటగాళ్ళకు ఆ పుస్తకం ఆలోచించే తీరు నేర్పింది. ఆయనకు జర్మనీ గురువు అన్న బిరుదు ఊరికే రాలేదు.

1898లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పాలనకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా వియన్నాలో జరిగిన టోర్నమెంటు నా దృష్టిలో టారాష్ జీవితంలోకెల్లా గొప్ప విజయం. ఒక్కొక్కరూ ముప్పై ఆరు ఆటలు ఆడవలసిన పోటీ అది. జూన్, జూలై నెలలు దానితోనే గడిచిపోయాయి. టారాష్, అమెరికా యువకుడు హ్యారీ పిల్స్‌బరీ చెరి 27½ పాయింట్లతో సమంగా నిలిచారు. ఆ అలసట మీద మళ్ళీ నాలుగు ఆటల నిర్ణాయక పోరు. టారాష్ 2½–1½ తేడాతో గెలిచారు. లాస్కర్ ఆ పోటీలో లేడు.

1903లో మాంటే కార్లో టోర్నమెంటులో ప్రథమ స్థానం, 1905లో ఫ్రాంక్ మార్షల్‌పై న్యూరెంబర్గ్‌లో జరిగిన మ్యాచ్‌లో ఎనిమిది గెలుపులు, ఒక్క ఓటమి, ఎనిమిది డ్రాలు. ఈ మ్యాచ్ తర్వాతే, చదరంగ ప్రపంచంలో తనకంటే పైవాడని ఎవరినీ ఒప్పుకోవలసిన అవసరం తనకు లేదని టారాష్ రాసుకున్నారు. చాంపియన్ ఉండగా ఇలా రాయడం ఎలాంటిదో మీరే ఊహించుకోండి. లాస్కర్ 1907లో అదే మార్షల్‌ను ఎనిమిది గెలుపులు, ఏడు డ్రాలతో, ఒక్కటీ ఓడకుండా మట్టి కరిపించి తన జవాబు తాను చెప్పాడు. ఆ ఏడాదే ఆస్టెండ్‌లో ఆరుగురు మేటి ఆటగాళ్ళ మధ్య, ఒక్కొక్కరితో నాలుగేసి ఆటల చొప్పున జరిగిన పోటీలో టారాష్ ష్లెక్టర్‌ను అర పాయింటు తేడాతో దాటి ప్రథముడయ్యారు. ఆ పోటీ విజేతకు టోర్నమెంట్ ప్రపంచ చాంపియన్ అనే బిరుదు ఇచ్చారు. మ్యాచ్‌లకు ఒక చాంపియన్, టోర్నమెంట్లకు మరొక చాంపియన్, ఇద్దరూ జర్మన్లే. ఇక తలపడక తప్పని పరిస్థితి.

1908 ఆగస్టులో డుసెల్డార్ఫ్‌లో మొదలై మ్యూనిక్‌లో ముగిసిన ఆ మ్యాచ్‌లో ఎనిమిది గెలుపులు ముందుగా సాధించినవాడు చాంపియన్. ప్రారంభానికి ముందు ఇద్దరికీ రాజీ కుదర్చడానికి మిత్రులు ప్రయత్నించారని, టారాష్ మాత్రం లాస్కర్‌తో చెప్పవలసిన మాట చెక్ మేట్ ఒక్కటేనని వంగి నమస్కరించి వెళ్ళిపోయారని ఒక కథ ప్రచారంలో ఉంది. డుసెల్డార్ఫ్‌లో సముద్రపు గాలి పడక ఓడిపోయానని ఆయన సాకు చెప్పినట్టు మరో కథ. డుసెల్డార్ఫ్ నుంచి సముద్రం చాలా దూరం కాబట్టి ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు ఇది చక్కగా సరిపోతుంది గాని, సరిగ్గా సరిపోయే కథలను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. ఆట బల్ల మీద జరిగింది మాత్రం స్పష్టం. మొదటి అయిదు ఆటల్లో నాలుగు లాస్కర్ గెలిచాడు. చివరికి ఎనిమిది గెలుపులు లాస్కర్‌వి, మూడు టారాష్‌వి, అయిదు డ్రాలు.

ఎందుకిలా జరిగింది? నలభై ఆరేళ్ళ వయసు ఒక కారణం. అవతలివాడికి ముప్పై తొమ్మిదే. కాని వయసుకంటే లోతైన కారణమొకటి ఉంది. టారాష్‌కు ప్రతి స్థితిలోనూ ఒక సరైన ఎత్తు ఉంటుంది, దాన్ని కనుక్కోవడమే ఆటగాడి పని. లాస్కర్ దృష్టిలో చదరంగం ఇద్దరు మనుషుల మధ్య పోరాటం. స్థితి కాస్త చెడినా సరే ఎదుటివాడికి చిక్కుముళ్ళు వేస్తూ పోతే, ఎక్కడో ఒకచోట అతడు తడబడతాడని ఆయన నమ్మకం. మంచి స్థితులు సంపాదించి వాటిని ముగించలేక చిక్కులో పడటం ఆ మ్యాచ్‌లో టారాష్‌కు పలుమార్లు అనుభవమైంది. అంత దెబ్బ తిన్నాక కూడా వెంటనే కూర్చుని ఆ మ్యాచ్ ఆటలన్నింటికీ వ్యాఖ్యానం రాసి ప్రచురించారు. ఓడిన మనిషి ఆ పని చేయడానికి గుండె ధైర్యం కావాలి.

ఛాందసం విషయానికి వద్దాం. పావులకు చోటివ్వాలి, ఇరుకైన స్థితిలో ఓటమి బీజం దాగి ఉంటుంది, గుర్రాన్ని బల్ల అంచున నిలబెట్టకూడదు, రెండు బిషప్పులు కలిసి ఉంటే బలం, ముందు అడ్డుపడే బంటు లేకుండా సాగే బంటు మనదైనా ఎదుటివాడిదైనా ఏనుగును దాని వెనుకనే నిలపాలి. ఈ మాటలు మన పిల్లలు నేడు శిక్షణ మొదలైన కొద్ది నెలల్లోనే వింటారు. స్టైనిట్జ్ ఆలోచనలను వడగట్టి, విద్యార్థి నోట నిలిచే వాక్యాలుగా మార్చింది టారాషే. వడగట్టినప్పుడు కొంత సారం జారిపోవడం సహజం. ఆరన్ నిమ్‌జోవిచ్ దాన్నే పట్టుకుని, 1913లో వియన్నా పత్రికలో టారాష్ బోధనలు నిజంగా ఆధునికమైనవేనా అని ప్రశ్నిస్తూ ఘాటైన వ్యాసం రాశాడు. మధ్య గడులను బంట్లతోనే ఆక్రమించనక్కరలేదని, దూరం నుంచి పావులతో అదుపు చేయవచ్చని నిమ్‌జోవిచ్ పక్షం. తర్వాతి తరాలు నిమ్‌జోవిచ్ వైపు మొగ్గాయి, టారాష్‌కు ఛాందసుడన్న ముద్ర పడింది.

కాని ఆ ఛాందసుడి పేరుతో ఉన్న రక్షణను చూడండి. మంత్రి బంటు గాంబిట్ అనే ఆరంభంలో నల్లపావుల ఆటగాడు మూడో ఎత్తులోనే తన సి వరుస బంటును ముందుకు నెట్టి, ఇరుపక్కలా తోడు బంటు లేని ఒంటరి బంటును కావాలని నెత్తిన వేసుకునే పద్ధతి అది. ఒంటరి బంటు బలహీనతేనని అందరూ ఒప్పుకుంటారు. దాని బదులుగా పావులన్నిటికీ దారులు తెరుచుకుంటాయి, ఆ చొరవే ముఖ్యమని టారాష్ వాదించారు. లోకమంతా కాదన్నా తన మాట మార్చుకోలేదు. ఈ మొండితనమే లాస్కర్‌ను తిరస్కరించింది, ఈ మొండితనమే చదరంగానికి ఒక రక్షణనూ ఇచ్చింది. 1969లో పెట్రోసియాన్‌పై ప్రపంచ టైటిల్ గెలిచిన మ్యాచ్‌లో స్పాస్కీ దాన్ని వాడాడు. కాస్పరోవ్, చాంపియన్‌ను సవాలు చేసేవాడిని తేల్చే కాండిడేట్స్ మ్యాచ్‌లలో దానితో పైకి వచ్చి, 1984లో కార్పోవ్ ఎదుట రెండు ఆటలు ఓడి దాన్ని పక్కన పెట్టాడు.

1914లో సెంట్ పీటర్స్‌బర్గ్ మహా టోర్నమెంటు నాటికి టారాష్‌కు యాభై రెండేళ్ళు. అయినా తుది దశకు చేరిన అయిదుగురిలో ఆయన ఒకరు. లాస్కర్, కాపాబ్లాంకా, అలెఖిన్‌ల వెనుక, మార్షల్ కంటే ముందు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ పోటీలో విధి ఆయనతో రెండు చిత్రమైన ఆటలు ఆడింది. లాస్కర్‌తో ఆటలో టారాష్‌కు గెలుపు ఖాయమనుకున్న బంట్ల ఎండ్‌గేమ్‌లో, అంటే ఆట చివరి దశలో, లాస్కర్ తన రాజును ఒకేసారి రెండు పనులు చేసేలా ఏటవాలు దారిలో నడిపి డ్రా చేసుకున్నాడు. రిచర్డ్ రేటి 1921లో కూర్చిన ప్రసిద్ధమైన చదరంగ సమస్యలో ఉన్నది ఇదే కిటుకు. ఆ తర్వాత లాస్కర్ చేతిలో ఓడి డీలాపడిన కాపాబ్లాంకాను, మరుసటి రోజే టారాష్ ఓడించారు. దానివల్ల అర పాయింటు తేడాతో ప్రథమ బహుమతి లాస్కర్‌కు దక్కింది. జీవితమంతా ఎవరితో పోటీపడ్డారో ఆ మనిషికే తన గెలుపుతో మేలు చేసిన ఘనత ఆయనది!

మిగిలిన కథ త్వరగా చెబుతాను. 1909లోనే ఆయన క్రైస్తవంలో ప్రొటెస్టెంట్ శాఖలో చేరారు. జర్మనీ పట్ల గట్టి దేశభక్తి గల మనిషి. మొదటి ప్రపంచయుద్ధం ఆయన కుమారుల్లో ఒకరిని బలి తీసుకుంది. 1916లో బెర్లిన్‌లో లాస్కర్‌తో మరో మ్యాచ్ ఆడి, ఒక్క డ్రా తప్ప అన్నీ ఓడిపోయారు. ఆ రెండో ఓటమి గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. 1920లలో పోటీలకు వెళ్ళినా పాత బలం లేదు. మళ్ళీ కలం పట్టారు. 1931లో వెలువడిన ఆయన పాఠ్యగ్రంథం ఎండ్‌గేమ్‌తో మొదలై, నడిమి ఆట మీదుగా చివరికి ఓపెనింగ్‌ల దగ్గరికి వస్తుంది. పావులు తక్కువగా ఉన్నప్పుడే వాటి శక్తి నేర్చుకోవాలన్నది ఆయన క్రమం. ఓపెనింగ్‌లను కంఠస్థం చేయించే శిక్షకులు నేటికీ ఆ పుస్తకం తెరిచి చూడవచ్చు. 1932లో డెబ్బై ఏళ్ళ వయసులో సొంత పేరుతో ఒక చదరంగ పత్రిక ప్రారంభించారు. నాజీలు అధికారానికి వచ్చాక, మతం మార్చుకున్నా దేశం కోసం కొడుకును పోగొట్టుకున్నా, యూదుడన్న ద్వేషాన్ని ఆయన ఎదుర్కోవలసి వచ్చింది. 1934 ఫిబ్రవరి 17న మ్యూనిక్‌లో మరణించే దాకా పత్రిక నడుపుతూనే ఉన్నారు.

ఇక ఈ బల్ల మీద 1914 సెంట్ పీటర్స్‌బర్గ్‌లోనే నిమ్‌జోవిచ్‌పై టారాష్ ఆడిన ఆటను చూద్దాం. నల్లపావులు టారాష్‌వి. నడిమిన పక్కపక్కనే నిలిచిన రెండు నల్ల బంట్లను గమనించండి. వాటికి అండగా మరో బంటు లేదు, పుస్తకం ప్రకారం అవి బలహీనం. పద్దెనిమిదో ఎత్తులో వాటిలో ఒకదాన్ని ఆయన బలి ఇస్తూ ముందుకు తోస్తారు, బిషప్పుల దారులు తెరుచుకుంటాయి. పంతొమ్మిదో ఎత్తులో ఒక బిషప్, ఇరవై ఒకటో ఎత్తులో రెండోది, రెండూ తెల్లరాజు కోటను బద్దలు కొడతాయి. లాస్కర్ 1889లో బావర్ మీద ఇదే రెండు బిషప్పుల బలి చేసి ఉన్నాడు కాబట్టి ఇది కొత్తది కాదని న్యాయనిర్ణేతలు టారాష్‌కు రెండో బహుమతితో సరిపెట్టారు. ఇక్కడ కూడా లాస్కరే అడ్డు తగిలాడన్నమాట. తెల్లరాజు తన ఇల్లు విడిచి బల్ల మధ్య గుండా నడిచి, ముప్పై రెండో ఎత్తులో నల్లపావుల శిబిరంలోనే మేట్ అవుతాడు. మొదటి ఎత్తు: తెల్ల మంత్రి ముందున్న బంటు రెండు గడులు ముందుకు.